అమ్మ కుట్టిన తెరచాప

మొన్న మా బడిలో బొమ్మల పోటీ పెట్టారు. మూడో తరగతి వాళ్ళకి తెరచాప పడవ వేసి, కింద భాగాల పేర్లు ఇంగ్లీషులో రాయమన్నారు. దాదాపు అందరూ ఒకటే పడవ వేశారు. అరటి దొప్ప లాంటి గీత ఒకటి, దాని మధ్య నిలువు కర్ర, ఆ కర్రకి స్కేలు పెట్టి గీసిన చాప. ఒక పిల్ల మాత్రం చుక్కానిని పడవ ముందువైపు పెట్టింది. నవ్వుకుని ఊరుకోవలసిన దాన్ని, పిలిచి మరీ అరిచాను. "చుక్కాని ముందు పెడితే పడవ ఎటు పోతుందే? బుర్ర ఉందా?" అని. పాపం, అది పడవని పుస్తకంలో తప్ప ఎక్కడ చూసింది? ఏడుపు మొహంతో వెళ్ళిపోయింది. తోటి టీచరు "ఏంటండీ, మూడో తరగతి పిల్ల మీద అంత కోపం?" అంది.

మా నాన్నకి తెరచాప పడవ ఉండేది. నరసాపురం రేవుకి కాస్త ఎగువన, గట్టు దిగువ మా ఇల్లు. ఇంటి వెనక నాలుగడుగులు వేస్తే గోదావరి. ఎగువన గోదావరి మధ్యనున్న లంకల నుంచి కొబ్బరికాయలు, తాటాకు, పుల్లలు రేవుకి తేవడం నాన్న పని. అప్పటికే రేవులో ఇంజను పడవలు వచ్చేశాయి. పొద్దున్నే వాటి చప్పుడుకి మా ఇంట్లో గిన్నెలు కూడా అదిరేవి. చాప కట్టే పడవలు మొత్తం రేవులో మూడో నాలుగో మిగిలాయి. వాటిలో మాదొకటి.

వేసవి సెలవుల్లో నాన్న నన్ను పడవలో తీసుకెళ్ళేవాడు. కూతుర్ని పడవ ఎక్కించడమేమిటని చుట్టాలు గొణిగేవారు. ఆయన పట్టించుకోలేదు. పడవ ఎక్కగానే పాఠం మొదలు. ముందు కొస అణియం. చుక్కాని ఉండే వెనకభాగం అమరం. నడుమ నిలబెట్టింది చాపకొయ్య. కొయ్య మీదకి లాగే అడ్డకర్రకి చాప పైఅంచు కడతారు. ఆ కర్రని పైకెత్తే తాడు ఒకటి, చాప కింది మూలని బిగించి వదిలే తాడు మరొకటి. పడవ మీద ఉత్త "తాడు" అంటే నాన్నకి ఒళ్ళు మండేది. "ఏ తాడు? ఇంట్లో అందర్నీ మనిషీ, మనిషీ అని పిలుస్తావా?" అనేవాడు. తప్పు చెబితే నెత్తిన మొట్టికాయ. ఒప్పు చెబితే కొబ్బరి బొండం. మొట్టికాయలే ఎక్కువ తిన్నానని ఒప్పుకోవాలి.

ఎదురుగాలిలో పడవ ఎలా పోతుందో కూడా నాన్నే చెప్పాడు. గాలికి సూటిగా ఎదురు పోలేం. ఈ గట్టు వైపు వాలుగా కొంతదూరం, మళ్ళీ తిప్పి ఆ గట్టు వైపు వాలుగా కొంతదూరం, అలా కోసుకుంటూ ఎక్కాలి. "గాలితో దెబ్బలాడకూడదమ్మాయ్. దాన్ని బతిమాలుకోవాలి. దాని కోసమే చాపకి పొట్ట ఉండేది. ఆ పొట్టలో గాలి కూచోవాలి." అప్పుడు నేను ఆవకాయ కలిపిన చద్దన్నం తింటున్నాను. సరేనని తలూపాను. పొట్ట అనగానే నాకు బాబాయి పొట్ట గుర్తొచ్చి నవ్వొచ్చింది, అంతే.

బాబాయి నాన్నకి సొంత తమ్ముడు. పడవలో రెండో మనిషి, అణియం దగ్గర పడవని తోసే గెడ పట్టుకుని నిలబడేవాడు. పొట్ట పెద్దది, నోరు ఇంకా పెద్దది. రోజూ ఒకటే పాట: "అన్నయ్యా, ఇంజను పెట్టేద్దాం." ఇంజను పెట్టాలంటే అమరం కోసి బిగించాలి. నాన్న వినేవాడు కాదు. "మా నాన్న చేయించిన పడవరా. దాన్ని కోయను" అనేవాడు. దాని మీద ఇద్దరూ రెండేసి రోజులు మాట్లాడుకునేవారు కాదు. మూడో రోజు బాబాయే చేపల పులుసు గిన్నె పట్టుకుని వచ్చేవాడు.

అమ్మ సంగతి వేరు. అమ్మది పాలకొల్లు. పడవంటే భయం. పెళ్ళయిన కొత్తలో ఒక్కసారి ఎక్కి, కళ్ళు తిరిగి, మళ్ళీ కాలు పెట్టలేదు. గోదావరి పక్కన కాపురం చేస్తూ గోదావరికి వీపు పెట్టి కూర్చునేది. చిన్నప్పుడు చర్చి వరండాలో పెద్దావిడల దగ్గర లేసు నేర్చుకుంది. మా చుట్టుపక్కల లేసు అల్లే ఆడవాళ్ళు బోలెడుమంది, కానీ అమ్మ చేతికి పేరుండేది. బల్ల మీద పరిచే గుడ్డలు అల్లేది. లేసు ఏజెంటు వచ్చి ఒక్కోదాన్ని బల్ల మీద పరిచి, అరచేత్తో ఆ చివరి నుంచి ఈ చివరికి రాసి చూసేవాడు. ఎక్కడైనా అంచు పొంగితే, అల లేస్తే, వెనక్కి ఇచ్చేసేవాడు. పక్కింటి వాళ్ళవి ఎన్నో వెనక్కి వచ్చాయి. అమ్మది ఒక్కటీ రాలేదు. నేను మాత్రం అమ్మ దారపు ఉండ దొంగిలించి గాలానికి కట్టుకునేదాన్ని. ఒకసారి గొరక చేప దారంతో సహా పోయింది. ఆ రోజు వీపు చిట్లింది.

నేను చెప్పదలచుకున్న వేసవికి ముందు గాలివానకి మా పాత చాప చిరిగిపోయింది. అతుకుల మీద అతుకులతో అప్పటికే అది చాపో బొంతో తెలిసేది కాదు. రేవులో చాపలు కుట్టే ముసలాయన ఒకాయన ఉండేవాడు. ఆయన ఆ చలికాలంలోనే పోయాడు. ఆయన దగ్గర ఆ పని నేర్చుకున్నవాళ్ళు ఎవరూ లేరు. ఎవరు నేర్చుకుంటారు?

అప్పుడే కొబ్బరికాయల షావుకారు నాన్నని పిలిచాడు. చాలా ఏళ్ళుగా ఆయన సరుకంతా మా పడవే తెచ్చేది. ఇప్పుడు ఇంజను పడవవాళ్ళు ఆయన వెంట పడుతున్నారు. అరుగు మీద కూర్చుని, నాన్నని నిలబెట్టి చెప్పాడు. నేను నాన్న చెయ్యి పట్టుకుని ఉన్నాను.

"ఏవయ్యా, నీ మీద గౌరవం కొద్దీ చెబుతున్నాను. మొదటి లోడు నీకే ఇస్తా. ఈ శనివారం కాదు, పై శనివారం సాయంత్రం నాలుక్కి లారీ. అది కదిలేలోపు కాయ రేవులో దిగిందా, ఈ ఏడాది సరుకంతా నీదే. దిగలేదా, ఇక నన్నడగొద్దు."

"దింపుతానండి" అన్నాడు నాన్న.

షావుకారు సరుకు లేకపోతే పడవ లేనట్టే. మిగతా రైతులు అప్పటికే జారిపోయారు. ఇంటికొచ్చి నాన్న ఆ మాట చెబితే, అమ్మ లేసు పక్కన పెట్టి, "చాప నేను కుడతాను" అంది. నాన్న నమ్మలేనట్టు చూశాడు. "దాందేముందండీ, కుట్టు కుట్టే కదా" అంది అమ్మ.

ఆ పది రోజులూ మా ఇంట్లో పండగలా ఉండేది. కాగులో తుమ్మచెక్క ఉడికించి, గుడ్డ కుళ్ళకుండా ఆ కషాయంలో ముంచేవారు. కుట్టాక ముడుచుకుపోకూడదని ముందే ముంచి, గట్టు మీద ఆరబెట్టారు. తెల్ల గుడ్డ కాస్తా ఇటుక రంగుకి తిరిగింది. నా చేతులూ అదే రంగు. బాబాయి పడవ సందుల్లో కొబ్బరి పీచు కుక్కి గుగ్గిలం పూసేవాడు. మధ్యాహ్నం అందరం గట్టు మీదే కూర్చుని ముంజలు తినేవాళ్ళం. అమ్మ మొదటిసారి గోదావరి వైపు తిరిగి కూర్చుంది. నాన్న ఏదో అన్నాడు, అమ్మ నవ్వింది. వాళ్ళిద్దరూ అలా నవ్వుకోవడం ఆ తర్వాత నేను చూడలేదు.

గుడ్డ పట్టీలన్నీ కలిపి కుట్టాక, నాన్న వాటిని నేల మీద పరిచి, పైఅంచు ఎక్కడ కత్తిరించాలో బొగ్గుతో గీశాడు. "గీత వెంట కత్తిరించి మడిచి కుట్టు" అని చెప్పి, తాళ్ళు పేనించుకు రావడానికి పాలకొల్లు వెళ్ళాడు. రెండు రోజులకి కానీ రాలేదు.

అమ్మ గీత చూసి తల పట్టుకుంది. ఆ గీత తిన్నగా లేదు. రెండు మూలల నుంచి మొదలై నడుమకి వచ్చేసరికి జానెడు పైకి పొంగింది. "మీ నాన్నకి చుక్కాని పట్టుకోవడం తప్ప గీత గీయడం రాదే" అంది. నాకూ అలాగే అనిపించింది. "వంకర అడ్డకర్ర ఎక్కడైనా ఉంటుందా? కర్ర తిన్ననిదైతే గుడ్డా తిన్నగానే ఉండాలి" అంది. ఒక మూల దారం నేను పట్టుకున్నాను, రెండో మూల అమ్మ పట్టుకుంది. దారం బిగించి, దాని వెంట బొగ్గు రాసి, పొంగినదంతా కత్తిరించేసింది. స్కేలు పెట్టి చూసినా వంక దొరకనంత తిన్నగా వచ్చింది. తెగిన ముక్కని నేను నడుముకి దట్టీలా చుట్టుకుని కర్రసాము చేశాను.

నాన్న తప్పేదైనా ఉంటే అదే. పడవ మీద నాకు అన్నీ చెప్పే మనిషి ఇంట్లో అమ్మకి ఒక్కటీ చెప్పేవాడు కాదు. గీత ఎందుకు వంగిందో ఒక్క ముక్క చెబితే సరిపోయేది. మరి నాకు చెప్పాడు కదా, నా సంగతేమిటి? చాపకి పొట్ట ఉండాలని నాకు తెలుసు. ఆ పొట్ట ఆ వంకరలో ఉందని నాకు తట్టలేదు. అంచు వంపుగా కత్తిరించిన గుడ్డని తిన్నని కర్రకి కడితే, మిగిలిన గుడ్డే కిందకి దిగి పొట్ట అవుతుంది. ఇప్పుడు ఎంత బాగా చెబుతున్నానో చూడండి.

నాన్న వచ్చేసరికి బాబాయి చాపని అడ్డకర్రకి కట్టి చుట్టేశాడు. టైము లేదు. శుక్రవారం మధ్యాహ్నం, సముద్రపు గాలి వెనక నుంచి తోస్తుంటే, ఖాళీ పడవతో లంకకి బయల్దేరాం. అమ్మ గట్టు మీద నిలబడి చూస్తోంది. చాప లేచింది. కొత్త చాప, ఎక్కడా ముడత లేదు. అమ్మ పక్కవాళ్ళకి వేలెత్తి చూపిస్తోంది. నాన్న మాత్రం చాప వైపు చూస్తూ ఉండిపోయాడు.

గట్టు కనబడనంత దూరం వెళ్ళాక ఆయన నా వైపు తిరిగాడు. నా నడుముకి ఉన్న దట్టీ మీద చూపు పడింది.

"అదెక్కడిది?"

"చాపదే నాన్నా. వంకరగా ఉందని అమ్మా నేనూ కోసేశాం."

దట్టీ విప్పమన్నాడు. విప్పి ఇచ్చాను. మోకాళ్ళ మీద పరుచుకున్నాడు. ఆ ముక్క మీద ఆయన గీసిన బొగ్గు గీత విల్లులా వంగి ఉంది. దాన్ని అలా చేత్తో రాస్తూ కూర్చున్నాడు. కొడతాడేమో అనుకుని నేను కొయ్య వెనక్కి జరిగాను. కొట్టినా బాగుండేది.

అణియం దగ్గర నుంచి బాబాయి అరిచాడు. "ఏంటన్నయ్యా, చాప గోడలా నిలబడిపోయింది? పొట్టేదీ?"

"నేనే తప్పు గీశాన్రా" అన్నాడు నాన్న.

అది విని నేను నోరు తెరిచాను. నాన్న నన్ను దగ్గరికి లాక్కుని నా నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ చేతికి గుగ్గిలం వాసన. మెల్లగా అన్నాడు, "అమ్మాయ్, మీ అమ్మతో అనకు. దాని చేతికి ఇన్నేళ్ళలో ఎవరూ వంక పెట్టలేదు. మనం పెట్టొద్దు." ఒట్టు వేయమన్నాడు. వేశాను.

వెనక గాలికి దుప్పటి కట్టినా పడవ నడుస్తుంది కాబట్టి లంకకి బాగానే చేరాం. బాధంతా రావడంలో ఉంది. పొద్దున్నే కాయ ఎక్కించారు. పడవ అంచు దాకా దిగబడింది. బయల్దేరేముందు నాన్న చాప కట్లన్నీ వదులు చేసి మళ్ళీ కట్టాడు. ముడతలు పడ్డాయి తప్ప పొట్ట రాలేదు. ఎండాకాలం గోదావరిలో ప్రవాహం పేరుకే. మధ్యాహ్నానికి సముద్రపు పోటు ఎదురొచ్చింది, దానితోపాటు గాలీ ఎదురొచ్చింది. గాలి బలంగానే ఉంది. చాపని తాకి జారిపోతోంది, అంతే. ఈ గట్టు నుంచి ఆ గట్టుకి వాలుగా వెళ్ళి తిరిగి చూస్తే, బయల్దేరిన తాటిచెట్టు ఎదురుగానే మళ్ళీ ఉన్నాం. మళ్ళీ వెళ్ళాం. మళ్ళీ అదే చెట్టు. బాబాయి గెడ వేసి వేసి చేతులు పగిలి, అణియం మీద కూలబడ్డాడు. అప్పుడు వెనక నుంచి ఒక ఇంజను పడవ వచ్చింది. అందులో మనిషి "తాడు వెయ్యమంటారా అన్నా?" అని అడిగాడు.

"వద్దులే, వచ్చేస్తున్నాం" అన్నాడు నాన్న.

ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఆయన మీద కోపం వస్తుంది. తాడు వేయించుకుని ఉంటే నాలుగు లోపు చేరేవాళ్ళం. ఇంజను పడవ వెనక కట్టించుకుని షావుకారు ముందుకి వెళ్ళడం ఆయన వల్ల కాలేదు. మేం రేవు చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. లారీ వెళ్ళిపోయింది. షావుకారు కూడా లేడు. ఆయన గుమాస్తా ఒక్కడే నిలబడి కాయ దింపించుకున్నాడు.

ఇంట్లో అమ్మ అన్నం వండి ఎదురుచూస్తోంది. "ఏమైందండీ?" అంది.

"గాలి లేదు" అన్నాడు నాన్న.

అబద్ధం ఆడటం కూడా రాని మనిషి. ఆ రోజు గాలికి అమ్మ ఉతికి ఆరేసిన చీరలు తీగ మీంచి లేచి పక్కవాళ్ళ గొడ్లపాకలో పడ్డాయి. అమ్మ పొద్దంతా వాటి వెంట పరుగెత్తింది. ఆవిడ నాన్న మొహం చూసింది, నా మొహం చూసింది. నేను అన్నం కలుపుకుంటూ తల దించుకున్నాను. గాలి ఉంది, చాప ఉంది, కాబట్టి తప్పు మనిషిదేనని ఆవిడ ఆ పూటే తీర్మానించుకుంది.

తర్వాత చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. షావుకారు సరుకు ఇంజను పడవకి పోయింది. బాబాయి ఆ వర్షాకాలంలోనే ఇంజను పడవలో పనికి కుదిరాడు. "అన్నయ్య గీత తప్పు గీశాడు, నా బతుకు కూడా తప్పించాడు" అని రేవులో అన్నాడట. చేపల పులుసు గిన్నెతో మళ్ళీ మా ఇంటికి రాలేదు. పడవ గట్టున ఒరిగి, రెండు వరదలకి కీళ్ళు వదిలేసింది. చెక్కలు ఎవరికి కావలసినవి వాళ్ళు పట్టుకుపోయారు. నాన్న రొయ్యల చెరువు మీద కాపలాకి కుదిరాడు. గట్టు మీద గుడిసెలో కూర్చుని, చెరువు నీళ్ళ మీద గాలి ఎటు నుంచి వస్తోందో చూస్తూ ఉండేవాడు. చూసి చేసేదేముంది?

అమ్మ మాత్రం ఆయన్ని వదల్లేదు. కూరలో ఉప్పు తగ్గినా, ఇల్లు కారినా, చివరికి ఆ మాట దగ్గరికే వచ్చేది. "నేను వేళ్ళు పొక్కులెక్కేలా అంత చాప కుట్టిచ్చాను. ఒక్క కుట్టు ఊడలేదు. ఈయన ఒక్క లోడు తేలేకపోయాడు." చుట్టాల ముందు అనేది, చర్చిలో అనేది, నా పెళ్ళిలో కూడా అంది. నాన్న మజ్జిగ తాగుతూ వినేవాడు. ఎప్పుడైనా నేను పళ్ళు కొరికితే నా వైపు చూసేవాడు. ఆ చూపుకి ఊరుకునేదాన్ని. పద్నాలుగేళ్ళు అలా ఊరుకున్నాను.

నాన్న పోయాక ఏడాదికి ఇంట్లో ప్రార్థన పెట్టాం. కూడిక అయ్యాక పాస్టరమ్మగారు నాన్న గురించి నాలుగు మంచి మాటలు అన్నారు. అమ్మ కళ్ళు తుడుచుకుంటూ, "మంచివారే అమ్మా, చేతకాదు అంతే. ఆ రోజు ఆ చాపతో..." అని మొదలుపెట్టింది.

నాకేమైందో తెలియదు. టీ గ్లాసుల పళ్ళెం కింద పెట్టి అందరి ముందూ చెప్పేశాను. గీత వంకర కాదని, ఆ వంపే చాపకి ప్రాణమని, కోసింది మనమేనని, ఆయనకి చాప ఎత్తిన క్షణమే తెలుసని. గొంతు చించుకుని చెప్పాను. చెబుతుంటే హాయిగా కూడా ఉంది. నిజం దాచడం దేనికి, ఆ హాయి నాకు గుర్తుంది.

పాస్టరమ్మగారు లేచి వెళ్ళిపోయారు. మిగతావాళ్ళూ వెళ్ళారు. అప్పుడు అమ్మ అడిగింది.

"మరి నాతో చెప్పలేదేమే ఆయన?"

"నీ చేతికి వంక పెట్టనన్నాడు."

"నేనిన్నేళ్ళు అంటుంటే నువ్వు వింటూనే ఉన్నావు కదే."

"ఒట్టు వేయించుకున్నాడు" అన్నాను.

సగం అల్లిన బల్లగుడ్డ అమ్మ పక్కనే ఉంది. మర్నాడు ఏజెంటు వస్తే, ఆ సగం గుడ్డా, దారపు ఉండలూ ఇచ్చేసింది. "కళ్ళు కనబడట్లేదండి" అంది. కళ్ళకేం రోగం లేదు. ఆ తర్వాత ఆరేళ్ళు బతికింది. చిరిగిన జాకెట్టుకి కుట్టు వేయమన్నా పక్కింటి పిల్లని పిలిచేది. ఎవరైనా నాన్న పేరెత్తితే లేచి లోపలికి వెళ్ళిపోయేది. నేను పక్కన కూర్చుంటే మాట్లాడేది కాదు, వెళ్ళిపొమ్మనేదీ కాదు.

నాన్నకి న్యాయం చేశాననుకున్నాను ఆ రోజు. ఆయన నన్ను న్యాయం అడగలేదు. నోరు మూసుకోమన్నాడు, అంతే.